తలనొప్పికి చేతివైద్యము

శిరోవేదన నెరుగని మనుష్యుడుండడు. అది వచ్చినపుడు మందుకంటె ముందు లేచునది చేయి. ఎవరును నేర్పకయే బాలుడు సైతము కణతలు నొక్కుకొనును. ముసలమ్మ తలకు గుడ్డ బిగించి కట్టుకొనును. ఇంటివారిలో నొకరు నుదుట శొంఠిపట్టు వేసి, మాడున నూనె యంటి మర్దించుదురు. క్షౌరము ముగిసిన పిమ్మట మంగలి మెడ నరములు పిసికి, తల నటునిటు త్రిప్పి మెటిక విరిచినట్లు టక్కుమనిపించును. ఇవి యన్నియు చికిత్సలే. వీనిలో ఏది మేలైనది? ఆ మేలు ఎంతకాలము నిలుచును? ఏది కీడు చేయగలదు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుటలో లోకము పడిన పాట్లు ఒక చరిత్ర. ఆ చరిత్రలో కొంత నేడు మీకు విన్నవింతును.

మొదట ఏ తలనొప్పిని గూర్చి మాటలాడుచున్నామో తేల్చుకొనవలయును. తలనొప్పులన్నియు నొక్కటి కావు. చరకుడు శిరోరోగములు ఐదనెను. సుశ్రుతుడు ఉత్తరతంత్రమున పదునొకండని లెక్కించెను. సూర్యునితో హెచ్చి సూర్యునితో తగ్గునది సూర్యావర్తము. సగము తలను బ్రద్దలు చేయునది అర్ధావభేదకము. ఇట్లు పేళ్లు గలవు. నేటి వైద్యులును ఇట్టి లెక్కయే వేసిరి. అంతర్జాతీయ శిరోవేదనా సంఘము వారు 1988లో ఒక వర్గీకరణమును ప్రకటించి, 2004లోను 2018లోను దానిని సంస్కరించిరి. అందులో మిక్కిలి మందికి వచ్చు నొప్పికి టెన్షన్ రకపు తలనొప్పి యని పేరు పెట్టిరి. టెన్షన్ అనగా బిగువు. తలకు పట్టీ బిగించినట్లు రెండువైపుల నొక్కుచుండును, పోటుగా నుండదు. అరగంట మొదలు ఏడు దినముల వరకు నుండవచ్చును. లేచి నడచినను, మెట్లెక్కినను హెచ్చదు. వాంతి కాదు. మనిషిని మంచమున పడవేయదు గాని పనిలో మనసు నిలువనీయదు. జవాబు పత్రములు దిద్దుచు ముప్పదియేండ్లు గడపిన నావంటి బడిపంతులుకు ఇంతకంటె వర్ణన యక్కరలేదు. నెలకు పదునైదు దినములు గాని అంతకెక్కువ గాని, మూడు నెలలకు మించి వచ్చుచున్నచో దానిని దీర్ఘకాలికమందురు. ఈ భేదమును శ్రోతలు గుర్తుంచుకొనవలయును. ముందు దీనితో పని గలదు.

మన ప్రాచీనులు చెప్పిన వాతజ శిరశ్శూలయే ఇది యని కొందరందురు. పోలిక కొంత లేకపోలేదు. కాని రెండు వేర్వేరు కొలబద్దలతో కొలిచిన వస్తువులను ఒక్కటే యని ముడివేయుట పాండిత్యము కాదు, అభిమానము.

అంతకంటె మెచ్చదగినది వాగ్భటునియందు వేరొకటి కలదు. అష్టాంగహృదయ సూత్రస్థానమున ఇరువదిరెండవ అధ్యాయములో ఆయన తలకు తైలము నుపయోగించు విధములను నాలుగుగా చెప్పెను. మొదటిది అభ్యంగము, అనగా నూనె యంటి మర్దించుట. రెండవది సేకము, ధారగా పోయుట. నేడు పట్టణములలో బోర్డులు కట్టి శిరోధార యనుచున్నది దీని వంశమే. మూడవది పిచువు, నూనెలో ముంచిన దూదిని మాడుపై నుంచుట. నాలుగవది బస్తి, తలచుట్టు తోలుతో టోపీవలె కట్టడము గట్టి అందులో గోరువెచ్చని నూనెను నిలుపుట. విశేషమేమనగా, వీనిలో ముందుదానికంటె వెనుకది యధికగుణము గలదని ఆయన తారతమ్యము చెప్పినాడు. చికిత్సలను పోల్చి వరుస పెట్టవలయునను బుద్ధి అంత పూర్వమే మనవారికి గలదన్నమాట. అయితే ఆ వరుస ఎందరు రోగులను చూచి, ఏ రీతిగా చూచి తేల్చిరో అక్కడ చెప్పబడలేదు. అది ఆప్తవాక్యము. ప్రత్యక్షము, అనుమానము, ఆప్తవాక్యము అను ప్రమాణభేదము తర్కము చదివిన పెద్దలకు తెలిసినదే. చేతివైద్యపు చరిత్ర యంతయు ఆప్తవాక్యమునుండి ప్రత్యక్షమునకు మెల్లగా నడచిన నడక.

ఐరోపాలో మర్దనము పురాతనమే యైనను, ఇంగ్లండున దానికి పందొమ్మిదవ శతాబ్దియందు గొప్ప ప్రచారము తెచ్చినవాడు మన దేశీయుడు. 1759లో పాట్నాలో పుట్టి, ఈస్టిండియా కంపెనీ సైన్యమున పనిచేసి, 1784లో ఐర్లండు చేరిన దీన్ మహమ్మదు, తరువాత బ్రైటన్ అను సముద్రతీరపు పట్టణమున ఆవిరి స్నానశాల పెట్టెను. అక్కడ ఆయన చేసినది ఒళ్లు పట్టుట. హిందీలో చాంపో యనగా ఒత్తుము, పిసుకుము అని యర్థము. ఆ మాటయే ఇంగ్లీషున షాంపూ అయినది. సీసాలలో అమ్ముడుపోవు నురుగునకు ఆ పేరు పిమ్మట తగిలినది. నాల్గవ జార్జి, నాల్గవ విలియము అను ఇద్దరు రాజులకు ఆయన షాంపూ వైద్యుడుగా నియుక్తుడయ్యెను. 1822లో తనవలన మేలు పొందినవారి వృత్తాంతములు చేర్చి ఒక గ్రంథము నచ్చొత్తించెను. నయమైనవారు సాక్ష్యము చెప్పుట, ఆ సాక్ష్యమును అచ్చువేయుట, ఆనాడు వైద్యమునకు రుజువు ఇదియే.

స్వీడను దేశమున పెర్ హెన్రిక్ లింగ్ అనునాతడు, కత్తిసాము గురువు, కవి కూడను, 1813లో స్టాక్‌హోము నగరమున వ్యాయామ విద్యాలయమును స్థాపించెను. వ్యాయామము ఆరోగ్యవంతులకే కాక రోగులకును చికిత్స కాగలదని ఆయన మతము. రోగి తానుగా చేయు కదలికలు, ఇతరుడు రోగికి చేయించు కదలికలు, ఎదిరించి చేయు కదలికలు అని ఆయన శిష్యులు విభజించిరి. హాలండున యోహాన్ మెజ్‌గర్ అను వైద్యుడు మర్దనమును వైద్యవిద్యలో భాగముగా నిలువబెట్టుటకు శ్రమించెను. ఇంగ్లండున మర్దనశాలల మరుగున అనుచిత వ్యాపారములు సాగుచున్నవని 1894లో బ్రిటిష్ వైద్యపత్రిక వెల్లడింపగా, వృత్తిగౌరవము కాపాడుకొనుటకై నలుగురు స్త్రీలు పూనుకొని శిక్షితమర్దకుల సంఘమును స్థాపించిరి. అదియే పేళ్లు మారుచు 1944లో ఫిజియోథెరపీ సంఘమైనది. నేడు మన ఆసుపత్రులలో కనబడు ఫిజియోథెరపీ యను మాటకు వెనుక ఇంత కథ యున్నది.

ఇక తలనొప్పికే నేరుగా సంబంధించిన కథ అమెరికాలో జరిగినది. అది పల్లెటూరి కథ. ఆండ్రూ టేలర్ స్టిల్ అనునాతడు 1828లో పుట్టెను. తన చరిత్రను తానే వ్రాసి 1897లో ప్రకటించెను. పదియేండ్ల వయస్సున తనకొకనాడు తలనొప్పి వచ్చినదట. తండ్రి నాగలి పగ్గమును రెండు చెట్ల నడుమ ఉయ్యాలగా కట్టెను. ఊగబోగా తల మరింత నొచ్చెను. అప్పుడు పగ్గమును నేలకు జానెడెత్తున దించి, దానిపై కంబళి కొన వేసి, వెల్లకిల పండుకొని, మెడ ఆ పగ్గముపై నానునట్లు పెట్టెను. కొంతసేపటికి నిద్రపట్టెను. లేచిచూడగా నొప్పి లేదు. తరువాత ఇరువదియేండ్లు ఆ ఉపాయమునే వాడుకొంటినని ఆయన వ్రాసినాడు. పెద్దవాడై వైద్యుడైన పిమ్మట, 1864లో మెదడు పొరల వాపు రోగము తన బిడ్డలను బలిగొనగా, మందులపై విశ్వాసము నశించి, శరీరపు ఎముకలను కీళ్లను చేతితో సర్దుటయే వైద్యమని 1874లో ఆస్టియోపతి యను పద్ధతిని ప్రకటించెను. 1892లో దానికి పాఠశాల పెట్టెను. బాల్యమునాటి పగ్గపు ఉయ్యాలయే తన శాస్త్రమునకు తొలిపాఠమని ఆయన నమ్మిక. 1895లో డేనియల్ పామర్ అను మరియొకడు వెన్నుపూసలను సర్దు కైరోప్రాక్టిక్ అను పద్ధతిని లేవదీసెను. ఈ రెండు సంప్రదాయముల వారికి పరస్పరము పొసగలేదు. వైద్యులకు ఇద్దరితోను పొసగలేదు.

స్టిల్ అబద్ధమాడెనని నేననను. పగ్గముపై మెడ నానించి పండుకొన్న బాలునకు నొప్పి తగ్గుట ప్రత్యక్షమే. కాని తగ్గుటకు కారణము పగ్గమా, నిద్రయా, లేక నొప్పి తన గడువు తీరి తానే పోయెనా? కాకి వ్రాలుటయు తాటిపండు పడుటయు ఒక్కసారి జరిగినంత మాత్రమున కాకి పండును రాల్చినదనరాదు గదా! కాకతాళీయన్యాయమునకు తలనొప్పికంటె మంచి యుదాహరణము లేదు. వచ్చుట పోవుట దాని స్వభావము. మిక్కిలి బాధగా నున్న దినముననే రోగి వైద్యుని వెదకును. అట్టి దినమునకు తరువాతి దినము ఎట్లును కొంత తేలికగానే యుండును. కావున నూనె యంటినవానికి, పూస సర్దినవానికి, మంత్రించి తాయెత్తు కట్టినవానికి కూడ కొంత కీర్తి దక్కితీరును.

ఇంతలో నొప్పికి కారణమేమని వెదకువారు బయలుదేరిరి. చికాగోలో ఎడ్మండ్ జేకబ్సన్ అను వైద్యుడు 1929లో ఒక గ్రంథము ప్రకటించెను. మనసున కలత యున్నవాని కండరములు వానికి తెలియకుండనే బిగిసియుండుననియు, ఒక్కొక్క కండరమును కావలెనని బిగించి, పిమ్మట వదలి, బిగువునకు వదులునకు గల భేదమును రోగికి నేర్పినచో తానే వదులు చేసుకొనగలడనియు ఆయన బోధించెను. శవాసనము వేసినవారికి ఇది క్రొత్తగా తోచదు. న్యూయార్కున హెరాల్డ్ వుల్ఫ్ 1948లో తలనొప్పులను గూర్చి ప్రకటించిన పెద్ద గ్రంథమున, తలచుట్టును మెడయందును కండరములు బిగిసికొనుటయే ఈ నొప్పికి మూలమను మతము బలపడెను. 1962లో అమెరికా వైద్యసమితి దీనికి కండర సంకోచపు తలనొప్పి యనియే పేరిడెను. 1970లో కొలరాడోలో ముగ్గురు పరిశోధకులు ఒక యంత్రము నుపయోగించిరి. నుదుటి కండరపు విద్యుత్తును అది కొలుచును. బిగువు హెచ్చినచో స్వరము హెచ్చును, తగ్గినచో స్వరము దిగును. రోగి ఆ శ్రుతిని వినుచు నుదురు సడలించుట నేర్చుకొనును. శ్రుతి సరిచేసుకొను గాయకుని పనివంటిదే ఇది. దీనిని బయోఫీడ్‌బ్యాక్ అందురు.

తీరా కొలిచి చూచుసరికి చిక్కు వచ్చినది. నొప్పి గలవారందరికిని కండరముల బిగువు అధికముగా లేదు. బిగువున్న సమయమున నొప్పి, నొప్పియున్న సమయమున బిగువు అని లెక్క కుదరలేదు. నిలకడగా కనబడినది వేరొకటి: తలచుట్టు మెడ వెనుక వ్రేలితో నొక్కినచో ఇతరులకంటె వీరికి ఎక్కువ నొచ్చుట. నొప్పి దీర్ఘకాలికమైనచో మెదడు, వెన్నుపాము సైతము నొప్పికి అలవాటుపడి, చిన్న ఒత్తిడిని పెద్ద బాధగా గ్రహించునని డెన్మార్కు వైద్యులు చూపిరి. అందువలననే 1988లో సంకోచమను మాట వదలి, టెన్షన్ రకపు అని జాగ్రత్తగా పేరు పెట్టినారు. ఒక పేరులో రకపు అను చిన్న మాట చేర్చుటకు ఎంత విచారణ కావలసెనో చూడుడు!

కారణము తేలకున్నను చికిత్సలను పోల్చవచ్చును. దానికి 1948లో ఒక మార్గము స్థిరపడినది. ఇంగ్లండున క్షయరోగమునకు స్ట్రెప్టోమైసిన్ మందును పరీక్షించునపుడు, ఏ రోగికి మందు, ఏ రోగికి మంచమున విశ్రాంతి మాత్రమే యని వైద్యుడు ఎంచుకొనక, చీట్లు వేసినట్లు నిర్ణయించిరి. ఆస్తి పంపకమునందు అన్నదమ్ముల నడుమ చీట్లు వేయించిన పెద్దలకు ఇందలి న్యాయము వేరుగా చెప్పనక్కరలేదు. చీటి పక్షపాత మెరుగదు. కాకి వ్రాలుట, పండు పడుట రెండు పక్షములకును సమానముగా పంచబడును. మిగిలిన భేదమే చికిత్స ఫలము. కాని చేతివైద్యమునకు ఇందు గొప్ప యిబ్బంది కలదు. మందుమాత్రను పోలిన ఉత్త పిండిమాత్రను చేయవచ్చును. చేతిని పోలిన ఉత్తచేయి యెక్కడ దొరకును? తనను ముట్టిరో లేదో రోగికి తెలియును.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున దీర్ఘకాలికమైన టెన్షన్ తలనొప్పి గల 150 మందిని చీటి పద్ధతిని రెండుగా పంచి, 1995లో ఫలితములు ప్రకటించిరి. ఒక పక్షమునకు వెన్నుపూసలు సర్దుట. రెండవ పక్షమునకు ఈ రోగమున వాడుకలోనున్న అమిట్రిప్టిలిన్ అను మందు. ఆరువారములు చికిత్స సాగినంతకాలము ఇద్దరికిని ఇంచుమించు సమానముగా తగ్గినది. చికిత్స ఆపిన నాలుగు వారములకు చూడగా, మందు పక్షమువారు మరల మొదటి స్థితికి వచ్చిరి. పూసలు సర్దిన పక్షమువారికి నొప్పి తీవ్రత నూటికి 32 వంతులు, వచ్చు సార్లు 42 వంతులు తగ్గియే యుండెను. మందువలన నోరెండుట, మగత వంటి ఇబ్బందులు నూటికి 82 మందికి కలిగినవి. పూసలు సర్దువారు జయభేరి మ్రోగించిరి.

మ్రోగించవచ్చును గాని, ఇక్కడ చూపులు, మాటలు, చేతిస్పర్శ, నమ్మకము అన్నియు ఒక్కపక్షముననే యున్నవి. మెడ సర్దుటయే పనిచేసినదని ఎట్లు చెప్పుట? డెన్మార్కులో బోవ్, నిల్సన్ అను ఇద్దరు ఈ ముడినే విప్పదలచిరి. వారును కైరోప్రాక్టిక్ సంబంధము గలవారే. తమ యింటి బంగారమును తామే గీటురాతిపై పెట్టిరి. అప్పుడప్పుడు వచ్చు రకపు టెన్షన్ తలనొప్పి గల 75 మందిని తీసికొని, అందరికిని మెడ, భుజముల కండరములను లోతుగా మర్దించిరి. దానిపై ఒక పక్షమునకు మెడపూసలు సర్దిరి. రెండవ పక్షమునకు శక్తి ప్రసరింపని ఉత్త లేసరు దీపమును మెడపై చూపిరి. నాలుగు వారములలో ఎనిమిది మార్లు చికిత్స. ఫలితము 1998లో అమెరికా వైద్యసంఘ పత్రికలో వెలువడినది. ఏడవ వారమునకు సర్దిన పక్షమున దినమునకు సగటున 2.8 గంటల నొప్పి 1.5 గంటలకు దిగెను. ఉత్తదీపపు పక్షమున 3.4 గంటలు 1.9కి దిగెను. ఇద్దరును బాగుపడిరి, భేదము మాత్రము లేదు. మెడను టక్కుమనిపించుట, మర్దనముపై అదనముగా ఏమియు చేర్చలేదు. మొదటి పరీక్ష దీర్ఘకాలిక రోగులపైన, రెండవది అప్పుడప్పుడు నొప్పి వచ్చువారిపైన గనుక ఒకటి రెండవదానిని పూర్తిగా కొట్టివేయదు. అయినను ఈ చరిత్రయందు నాకు మిక్కిలి గౌరవము గలిగించినది ఈ చిన్న పరీక్షయే. తన వృత్తికి అనుకూలము కాని ఫలితమును తానే ప్రకటించినవాడు పండితుడు.

తరువాతి పరీక్షలలో దృష్టి, వైద్యుని చేతినుండి రోగి మెడకు మరలినది. 2006లో హాలండున 81 మందిపై చేసిన పరీక్షలో ఇరుపక్షములకును మర్దనము, కీళ్ల కదలిక, కూర్చుండు తీరు దిద్దుట అను మామూలు ఫిజియోథెరపీ చేసిరి. ఒక పక్షమునకు మాత్రము సాగెడు రబ్బరు పట్టీ సాయముతో మెడలోని లోతైన కండరములకు తేలికపాటి వ్యాయామము నేర్పి, ఇంటివద్ద చేసికొనుమనిరి. ఆరునెలల పిమ్మట చూడగా వ్యాయామము చేసినవారే మేలుగా నుండిరి. అదే దేశమున 2011లో 82 మంది దీర్ఘకాలిక రోగులపై మరియొక పరీక్ష జరిగినది. చేతిచికిత్స, వ్యాయామము, కూర్చుండు తీరు దిద్దుట మూడును కలిపి పొందినవారిలో, ఇరువదియారు వారములకు పదిమందిలో ఎనిమిదిమందికి నొప్పి దినములు సగముకంటె తగ్గినవి. మామూలుగా ఊరి వైద్యుని వద్దకు పోయినవారిలో నలుగురికి తగ్గినవి. లింగ్ శిష్యులు చెప్పిన, రోగి తానుగా చేయు కదలికయను మాట రెండువందల యేండ్లకు ఇట్లు తక్కెడకెక్కినది. ఐనను ఐరోపా నాడీవైద్య సంఘములవారు 2010లో తీర్పు చెప్పుచు, బయోఫీడ్‌బ్యాక్‌నకు ఆధారము గట్టిదనియు, సడలింపు శిక్షణ చాలవరకు పనిచేయుననియు, ఫిజియోథెరపీకిని సూదుల వైద్యమునకును ఉపయోగము ఉండవచ్చును గాని గట్టి ఆధారము లేదనియు వ్రాసిరి. ఉత్తచేయి దొరకని యిబ్బంది నేటికిని తీరలేదు.

ఈ వ్యవహారము పండితుల వాదముగా మాత్రమే మిగిలినచో మీ సమయము తీసికొనకపోదును. గ్రామమున కిరాణా కొట్టునందే నొప్పి మాత్రలు దొరకుచున్నవి. సాధారణమైన నొప్పిమాత్రలను నెలలో పదునైదు దినములు గాని అంతకెక్కువ గాని, మూడు నెలలకు మించి మ్రింగుచుండువారికి ఆ మాత్రల వలననే తలనొప్పి నిత్యమగును. మందు చాలలేదని మరియొక మాత్ర వేయుదురు. నొప్పి మరింత యగును. నూనె మర్దనము, వెచ్చని కాపడము, సడలింపు, మెడ వ్యాయామము, వీనికి రుజువు కొంత తక్కువైనను ఈ యుచ్చులో పడవేయవు. ఇంతకంటె పెద్ద యోగ్యత వీనికి అక్కరలేదని నా యభిప్రాయము.

మెడను గుంజి త్రిప్పుట వీనితో చేరదు. మెడపూసల గుండా మెదడునకు పోవు రక్తనాళములు రెండు కలవు. హఠాత్తుగా త్రిప్పినపుడు ఆ నాళపు లోపలి పొర చిరిగి, అక్కడ రక్తము గడ్డకట్టి, పక్షవాతము వచ్చిన సందర్భములు కలవు. అరుదే, కాని మర్దనముపై ఏ లాభమును చేర్చినట్లు తేలని పనికి ఈ యపాయము నేల కొనవలయును? క్షురశాలలో తలకు, భుజములకు చేయు మర్దనమును సుఖముగా చేయించుకొనుడు. మెడ త్రిప్పుట మాత్రము వలదని ముందే చెప్పుడు. ఆ మాటకు నొచ్చుకొనువాడుండడు.

ఇక ఏ చేతివైద్యమునకును లొంగని, లొంగదీయ జూడరాని తలనొప్పులు కొన్ని గలవు. పిడుగు పడినట్లు క్షణములో వచ్చు తీవ్రమైన నొప్పి. జ్వరముతో మెడ కొయ్యబారిన నొప్పి. మాట తడబడుట, కాలుచేయి పడుట, చూపు మసకబారుటతో కూడిన నొప్పి. తలకు దెబ్బ తగిలిన పిమ్మట హెచ్చుచున్న నొప్పి. వీనికి నూనెగిన్నె తీయక వెంటనే ఆసుపత్రికి పోవలయును. ఏబదియేండ్లు దాటిన పిమ్మట మున్నెన్నడు లేని తలనొప్పి క్రొత్తగా పట్టుకొన్నను అంతే. మనవంటి వయస్సువారికి కణతల వద్ద రక్తనాళము వాచు రోగమొకటి కలదు. కణత ముట్టినచో నొచ్చును, దువ్వెన పెట్టినను నొచ్చును, అన్నము నమలుచుండగా దవడ లాగును. దానిని మామూలు తలనొప్పి యనుకొని కణతలు పిసికించుకొనుచు కూర్చున్నచో కన్ను పోవును. పోయిన చూపు సాధారణముగా తిరిగి రాదు. సకాలమున వైద్యుడు గుర్తించి స్టీరాయిడు మందు మొదలిడినచో చూపు నిలుచును.